డబ్బా మీద రాయని సంగతి

మా తమ్ముడు ఇంటర్మీడియెట్ చదివే రోజుల్లో వాడి పుస్తకాల సంచిలో ఒక రూళ్ళ నోటుబుక్కు దొరికింది. 2001వ సంవత్సరం. అప్పుడు మేం బెజవాడలో ఉండేవాళ్ళం. దొరికింది నాకే. ప్రేమలేఖలేమైనా ఉంటాయేమోనని (అక్కగారి కుతూహలం, ఏమీ అనుకోకండి) తెరిచి చూస్తే పేజీల నిండా అంకెలు! ఎడం పక్క ఏవో నోరు తిరగని పేర్లు, కుడి పక్క వరసగా అంకెలు, కొన్నిటి కింద ఎర్ర ఇంకుతో గీతలు. పైన ఓ మూల "ఆనంద్ చెప్పినవి" అని రాసి ఉంది.

"ఈ ఆనంద్ ఎవర్రా?" అన్నాను.

"అమెరికాలో ఉంటాడక్కా. కంప్యూటర్లలో పెట్టే కార్డులూ, డిస్కులూ పరీక్ష చేసి రాస్తాడు" అన్నాడు.

వంటింట్లోంచి మా అమ్మ, "ఏ ఊరివాళ్ళ అబ్బాయిట?" అని అడిగింది. అమెరికాలో ఆనంద్ అనేవాడు ఉన్నాడంటే ఎవరో తెలిసినవాళ్ళకి మేనల్లుడైనా అయి ఉంటాడని మా అమ్మ నమ్మకం.

మా ఇంట్లో అప్పటికి కంప్యూటరే లేదు. గంటకి ఇరవై రూపాయలు పుచ్చుకునే ఇంటర్నెట్టు సెంటర్లో కూర్చుని, ఎన్నడూ కొనలేని వస్తువుల గుణగణాలన్నీ చదివి రాసుకొచ్చేవాడు వాడు. ఆ ఇరవై రూపాయలు కిరాణా కొట్టు చిల్లరలోంచి వస్తున్నాయని కనిపెట్టింది కూడా నేనే. నాన్నగారికి చెప్పింది కూడా నేనే. నోటుబుక్కు ఆ ఆదివారం పాత పేపర్లతోపాటు తూకానికి వెళ్ళిపోయింది. తమ్ముడు ఏమీ అనలేదు. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు, అంతే.

ఆ సంగతి నేను పూర్తిగా మరిచిపోయాను. మళ్ళీ గుర్తు చేసుకోవలసి వచ్చింది 2019లో.

అప్పుడు ఒక సీరియల్ రాస్తున్నాను. చేత్తో రాసే అలవాటు పోయి చాలాకాలమైంది, అంతా కంప్యూటరు మీదే. పాత మిషను మూలపడితే కొత్తది కొన్నాం. ఇందులో గిరగిరా తిరిగే పళ్ళాలుండే పాతరకం హార్డ్ డిస్కు కాదు, ఎస్.ఎస్.డి. అనే కొత్తరకం ఉంది, మెరుపులా పనిచేస్తుంది అన్నాడు దుకాణంవాడు. డబ్బా మీద కూడా సెకనుకి 500 మెగాబైట్లు అని పెద్దక్షరాలతో వేసి ఉంది. మావారు ఆ అంకె చూసి తృప్తిగా తల ఊపారు. నాకేమీ అర్థం కాకపోయినా నేనూ ఊపాను.

మొదటి రెండు నెలలూ బాగానే ఉంది. తరవాత మొదలైంది. వాక్యం మధ్యలో ఉండగా మిషను బిగుసుకుపోయేది. మీట నొక్కితే అక్షరం పడదు. ఒకటి, రెండు, మూడు అని లెక్క పెట్టుకోవాలి. అప్పుడు నొక్కినవన్నీ గబగబా ఒక్కసారే పడతాయి. మూడు సెకన్లే కదా అంటారేమో! రాసేవాళ్ళని అడగండి. పాత్ర నోటి చివర ఉన్న మాట ఆ మూడు సెకన్లలో వెళ్ళిపోతుంది. మళ్ళీ పిలిస్తే రాదు.

దుకాణానికి మోసుకెళ్ళాం. అక్కడి కుర్రాడు ఏదో పరీక్ష నడిపి, "చూడండి మేడమ్, సగటున 480 వస్తోంది. మిషను బ్రహ్మాండంగా ఉంది. మీకు అలవాటు లేక అలా అనిపిస్తోంది" అన్నాడు. అలవాటు లేకపోవటం అనేది ఆడవాళ్ళ విషయంలో ఎంత చక్కగా అతుకుతుందో గమనించారా? ప్రెషర్ కుక్కరు పేలినా అదే మాట, స్కూటరు ఆగినా అదే మాట.

ఆరు వారాల తరవాత ఒక ఉదయం మిషను తెరుచుకోనే లేదు. దాని కడుపులో పదకొండు అధ్యాయాలున్నాయి. నాలుగు మాత్రం అప్పటికే పత్రికవాళ్ళకి పంపాను కాబట్టి బతికాయి. మిగతా ఏడూ మళ్ళీ రాశాను. చాలా బాగున్నాయని పాఠకులు ఉత్తరాలు రాశారు. పాపం, వాళ్ళు మొదటివి చదవలేదు.

ఆ రాత్రి హైదరాబాదులో ఉన్న తమ్ముడికి ఫోను చేసి ఏడ్చినంత పని చేశాను. వాడు అంతా విని, "దుకాణంవాడు చెప్పిన అంకె అబద్ధం కాదక్కా. ఆగకుండా పోతున్నప్పుడు ఎంత వేగంగా పోతుందో అది చెప్తుంది. ఎప్పుడు ఆగిపోతుందో, ఎంతసేపు ఆగిపోతుందో డబ్బా మీద రాయరు. అది ఎవరో ఒకరు ముందర కూర్చుని చూసి చెప్పాలి" అన్నాడు. ఓ క్షణం ఊరుకుని, "ఆనంద్ అలాంటివాడే" అన్నాడు.

దెప్పటానికి అనలేదు వాడు. అందుకే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. రాజుల పట్టాభిషేకాలూ, యుద్ధాల తేదీలూ బట్టీపట్టాను గాని, కంప్యూటరు భాగాల్ని పరీక్షించి రాసే విలేఖరులకి ఓ చరిత్ర ఉంటుందని ఎవరు చెప్పారు? ఆ తరవాత తీరిక దొరికినప్పుడల్లా తమ్ముణ్ణి అడిగి, చదివి, కొంత పోగుచేశాను. చదువుతుంటే ఇదేదో బొత్తిగా కొత్త విద్య అనిపించలేదు నాకు. కుండ కొనేముందు తట్టి చూడని ఇల్లాలు ఉందా? చీర కొంగు చివర తడిపి రంగు పోతుందేమో చూడకుండా మా అమ్మమ్మ ఒక్క చీర కొనలేదు. వీళ్ళు చేసిందీ ఆ పనే. కాకపోతే వీళ్ళు తట్టి చూసిన కుండలు కోట్లమంది ఇళ్ళకి వెళ్ళేవి.

1990ల నడిమిదాకా ఈ వస్తువుల గురించి రాసేవి ఎక్కువగా అచ్చు పత్రికలే. పత్రిక చేతికొచ్చేసరికి వస్తువు బజారులోకి వచ్చి నెలలు గడిచిపోయేవి. 1996లో థామస్ పాబ్స్ట్ అనే జర్మన్ వైద్యుడు 'టామ్స్ హార్డ్‌వేర్ గైడ్' అనే పేరుతో ఇంటర్నెట్టులో సొంతంగా రాయటం మొదలుపెట్టాడు. రోగుల నాడి చూడవలసిన మనిషి చిప్పుల నాడి పట్టుకున్నాడన్నమాట. నిజంగానే పట్టుకున్నాడు. 2000 జూలై చివర ఇంటెల్ కంపెనీ 1.13 గిగాహెర్ట్జ్ పెంటియం-3 చిప్పు విడుదల చేసింది. పోటీ కంపెనీ ఎ.ఎం.డి.తో పరుగుపందెంలో ఉన్న రోజులవి. పాబ్స్ట్ తనకొచ్చిన చిప్పు మీద లినక్స్ కెర్నల్‌ని కంపైల్ చేయించబోతే, అంటే గంపెడు లెక్కల పని ఒకటి అప్పజెప్పితే, అది పూర్తి చెయ్యలేక కూలబడింది. తన తప్పేమోనని మళ్ళీ మళ్ళీ చేసి చూశాడు. అమెరికాలో కైల్ బెన్నెట్ అనే మరో విలేఖరికీ అదే అనుభవం. ఆగస్టు చివరికి ఇంటెల్ ఆ చిప్పుని బజారులోంచి వెనక్కి తీసేసుకుంది. నెల రోజుల్లో!

మా తమ్ముడి ఆనంద్ సంగతికొస్తాను. పూర్తి పేరు ఆనంద్ లాల్ షింపీ. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని రాలీ నగరంలో ఉండేవాడు. 1997 ఏప్రిల్‌లో 'ఆనంద్‌టెక్' మొదలుపెట్టినప్పుడు అతని వయసు 14 ఏళ్ళు. నోటుబుక్కులో అంకెలు రాసుకున్నప్పటి మా వాడి వయసుకన్నా, అంకెలు తయారుచెయ్యటం మొదలుపెట్టినప్పటి ఆ కుర్రవాడి వయసు మూడేళ్ళు తక్కువ! ఆ వయసులో మన పిల్లవాడు రాత్రి ఒంటిగంట దాకా కంప్యూటరు విప్పుకుని కూర్చుంటే మనం ఏం చేసి ఉండేవాళ్ళమో నన్ను అడగకండి. మా ఇంట్లో ఏం చేశామో చెప్పానుగా.

వీళ్ళు పరీక్షించిన వస్తువుల్లో ముఖ్యమైనది గ్రాఫిక్స్ కార్డు. కంప్యూటరు తెర మీద బొమ్మలు గీసే చిత్రకారుడనుకోండి దాన్ని. సినిమాలో సెకనుకి 24 బొమ్మలు తిరుగుతాయి, కాని అవి ముందే తీసిపెట్టుకున్నవి. కంప్యూటరు ఆటలో అలా కుదరదు. ఆడేవాడు ఎటు తిరిగితే అటు దృశ్యాన్ని అప్పటికప్పుడు గీసి చూపించాలి, సెకనుకి 30, 60 చొప్పున. ఎక్కువ గీసే కార్డు గొప్పది. అందుకని విలేఖరులు ఆటలు నడిపి, సెకనుకి సగటున ఎన్ని బొమ్మలు వచ్చాయో పట్టికలు వేసేవారు. ఆ పట్టికలో పైన ఉంటే లక్షల కార్డులు అమ్ముడవుతాయి. అంత లాభం ఉన్నచోట పరీక్షలో కాపీకొట్టే బుద్ధి పుట్టకుండా ఉంటుందా?

పుట్టింది. 2001 అక్టోబరులో, అంటే మా నోటుబుక్కు తూకానికి వెళ్ళిన ఏడాదే, పైన చెప్పిన బెన్నెట్ నడిపే 'హార్డ్ ఓసీపీ' ఒక తమాషా బయటపెట్టింది. ఏ.టి.ఐ. అనే కంపెనీ రేడియాన్ 8500 కార్డు 'క్వేక్-3' ఆటలో మంచి వేగం చూపిస్తోంది. వీళ్ళు ఏం చేశారంటే, ఆ ఆట ప్రోగ్రాములో 'క్వేక్' అని ఉన్నచోటల్లా 'క్వాక్' అని మార్చి నడిపించారు. ఇంగ్లీషులో క్వాక్ అంటే బాతు కూత. దొంగ వైద్యుణ్ణీ అలాగే అంటారు. ఆట అదే, కార్డు అదే, మారింది పేరే. వేగం పడిపోయింది, బొమ్మ మాత్రం తేటపడింది! కార్డుకి పని పురమాయించే ప్రోగ్రాము ఆట పేరు చూసి గుర్తుపట్టి, ఆ ఒక్క ఆటకి మాత్రం బొమ్మని నాసిగా గీయించి వేగం పెంచుతోందన్నమాట. గొడవయ్యాక కంపెనీ కొత్త ప్రోగ్రాము ఇచ్చింది. అందులో బొమ్మా బాగుంది, వేగమూ పడిపోలేదు. ఆ బుద్ధి ముందే ఏడ్చి ఉంటే ఎంత బాగుండేది!

2003 మే నెలలో జరిగింది ఇంకా బాగుంటుంది. కార్డుల శక్తి కొలవటానికి '3డీ మార్క్-03' అని ఒక పరీక్ష ఉండేది. అందులో కెమెరా ఎప్పుడూ ఒకే దారిలో వెళుతుంది. 'ఎక్స్‌ట్రీమ్‌టెక్' పత్రికవాళ్ళు ఆ కెమెరాని దారి తప్పించి పక్కకి తిప్పి చూశారు. అక్కడ ఆకాశం చెదిరిపోయి, చెత్తచెత్తగా ఉంది. ఎన్విడియా కంపెనీ ప్రోగ్రాము, కెమెరా చూడబోయే మేరకే బొమ్మ గీసి మిగతాది వదిలేస్తోంది! చుట్టాలొస్తున్నారనగానే ముందుగది ఒక్కటీ సర్ది, బట్టల మూటలన్నీ పక్కగదిలోకి తోసి తలుపు వేసేసే పని మనం చెయ్యలేదా ఏమిటి? పరీక్ష తయారుచేసిన కంపెనీ ఆ వీలు లేకుండా సవరిస్తే, జీఫోర్స్ ఎఫ్.ఎక్స్. 5900 అల్ట్రా మార్కులు 24 శాతం దాకా తగ్గాయి. కొద్ది రోజుల్లోనే ఆ పరీక్ష కంపెనీ, ఎన్విడియా కలిసి ఒక ప్రకటన చేశాయి, అది మోసం కాదు, ఒక ప్రత్యేకమైన సర్దుబాటు మాత్రమేనని. పక్కగది తలుపు మళ్ళీ వేసేశారు.

కాని నన్ను నిజంగా కట్టిపడేసింది ఈ దొంగాటలు కాదు. మోసమేమీ లేకుండానే, అందరూ నిజాలే చెప్తుండగానే, కొన్నవాడు నష్టపోవటం ఉంది చూడండి, అది. నా పదకొండు అధ్యాయాల కథ అదే కదా.

2008 నాటికి ఎస్.ఎస్.డి.లు సామాన్యులకి కొంచెం అందుబాటులోకి రావటం మొదలైంది. ఇది ఎలా పనిచేస్తుందో తమ్ముడు నాకు పలక పోలికతో చెప్పాడు. మామూలు పలక మీద ఒక అక్షరం తప్పు పడితే వేలితో ఆ ఒక్కటే తుడుస్తాం. ఈ పలక మీద అలా కుదరదు. రాయటం చిన్న చిన్న ముక్కలుగా రాయొచ్చు గాని, తుడవాలంటే పెద్ద భాగాన్ని మొత్తంగా కడగాల్సిందే. ఆ రోజుల్లో 4 కిలోబైట్ల చొప్పున రాసేవి, 512 కిలోబైట్ల చొప్పున కడిగేవి. ఒక్క అక్షరం మార్చాలంటే దాని ఇరుగుపొరుగుల్నందర్నీ మరోచోటికి ఎక్కించి, పలక కడిగి, మళ్ళీ రాసుకోవాలి. కొత్త పలక ఖాళీగా ఉన్నన్నాళ్ళూ ఈ బాధ లేదు. నిండాకే తంటా. నా మిషను మొదటి రెండు నెలలు ఎందుకు బాగుందో అప్పుడర్థమైంది నాకు!

2008 సెప్టెంబరులో ఇంటెల్ తన మొదటి ఎక్స్25-ఎం డిస్కు విడుదల చేసినప్పుడు, దానితోపాటు బజారులో ఉన్న చవకరకాలని కూడా ఆనంద్ పరీక్షించాడు. పెద్ద ఫైలు ఒకటి గడగడా రాయిస్తే ఆ చవకరకాలూ బాగానే పరుగెత్తాయి. డబ్బాల మీద ఉన్నది ఆ అంకే. కాని చిన్న చిన్న ముక్కలు అక్కడొకటి ఇక్కడొకటి రాయిస్తే (మనం కంప్యూటరు మీద రోజూ చేసే పని అదే) అర సెకను, ఒక్కొక్కసారి అంతకన్నా ఎక్కువసేపు కొయ్యబారిపోయేవి. లోపలున్న జేమైక్రాన్ అనే కంట్రోలరు చిప్పు దగ్గరుంది ఇబ్బంది. పట్టిక చూసి సరిపెట్టుకుంటే తెలిసేది కాదు. ఆ డిస్కుతో కంప్యూటరు వాడుతూ, ఎందుకిలా ఆగుతోందని విసుక్కున్నాడు కాబట్టి తెలిసింది. ఆ విసుగుని కొలిచాడు.

2009 మార్చిలో రాసిన వ్యాసంలో ఆయన చెప్పిన మరో సంగతి నేను మా తమ్ముడి చేత రెండుసార్లు చెప్పించుకున్నాను. ఓ.సీ.జెడ్. అనే కంపెనీ వెర్టెక్స్ అనే కొత్త డిస్కుని విడుదలకి ముందు పంపింది. డబ్బా మీద వేసుకోవటానికి మంచి వేగమే ఉంది గాని, చిన్న ముక్కల దగ్గర మళ్ళీ అదే ఆగిపోవటం. ఆనంద్ నేరుగా ఆ కంపెనీ అధిపతి రయాన్ పీటర్సన్‌తో ఇది బాగాలేదని వాదించాడు. బజారులో వేగం అంకె చూసే కదా కొంటారని వాళ్ళ బాధ. కొన్నాక తిట్టుకుంటారు కదా అని ఇతని బాధ. చివరికి కంపెనీ లోపలి ప్రోగ్రాము మార్చింది. డబ్బా మీద వేసుకునే అంకె తగ్గింది, కొయ్యబారటం పోయింది. గొప్పగా కనిపించే అంకెని తగ్గించుకోమని ఒక విలేఖరి చెప్పటం, వ్యాపారస్తుడు వినటం! అప్పటికి ఆనంద్‌కి 26 ఏళ్ళు.

గ్రాఫిక్స్ కార్డుల విషయంలో ఇదే ముడి విప్పినవాడు 'టెక్ రిపోర్ట్' పత్రిక నడిపిన స్కాట్ వాసన్. సెకనుకి సగటున 60 బొమ్మలంటే చూడటానికి నీళ్ళలా జారిపోవాలి. మరి కొన్ని కార్డులు 60 చూపిస్తూ కూడా కంటికి ఎందుకు కుంటుతున్నాయి? 2011 సెప్టెంబరులో ఆయన సెకను లోపలికి తొంగి చూశాడు. ఎన్ని బొమ్మలు వచ్చాయని కాకుండా, ప్రతి బొమ్మకీ ఎంతసేపు పట్టిందని కొలిచాడు. అన్నీ సమానంగా వస్తే ఒక్కొక్కదానికి సుమారు 16.7 మిల్లీసెకన్లు. కాని 59 బొమ్మలు గబగబా వచ్చేసి, అరవయ్యోది సెకనులో అయిదోవంతు కూర్చుండిపోయినా సగటు 60 అనే వస్తుంది. కన్ను మాత్రం ఆ ఒక్క బొమ్మ దగ్గరే తట్టుకుని పడుతుంది.

మన మునిసిపాలిటీ కుళాయి లెక్క చూసుకోండి. నెలకి ఇంటికి సగటున ఇన్ని బిందెలు ఇచ్చామని వాళ్ళు రాసుకుంటారు, నిజమే. మూడు రోజులు వదలకుండా, నాలుగోరోజు అర్ధరాత్రి ధారాళంగా వదిలినా ఆ లెక్క సరిపోతుంది. బిందె పట్టుకుని నిలబడినవాళ్ళకి కావలసిన లెక్క ఎంతసేపు నిలబడ్డామని. వాసన్ అడిగింది ఆ లెక్కే. నూటికి 99 బొమ్మలు ఎన్ని మిల్లీసెకన్ల లోపు వచ్చాయో చెప్పాలని ఓ కొత్త కొలత పెట్టాడు. 2012 డిసెంబరులో ఆ కొలతతో చూస్తే, ఎ.ఎం.డి. కార్డు ఒకటి నడకలో పోటీ కార్డుకన్నా వెనకబడింది. నమ్మనివాళ్ళ కోసం కుంటుతున్న తెరని వేగంగా ఫొటోలు తీసే కెమెరాతో పట్టి మరీ చూపించాడు. ఎ.ఎం.డి. లోపం ఒప్పుకుని, 2013లో తన ప్రోగ్రాముల్ని సరిదిద్దుకుంది. ఆ తరవాత మిగతా పత్రికలూ ఈ కొలత పట్టుకున్నాయి.

అదే పత్రికలో జెఫ్ గేసియర్ అనే ఆయన 2013 ఆగస్టు నుంచి ఆరు ఎస్.ఎస్.డి.లని రాత్రింబగళ్ళు నింపుతూ, చెరుపుతూ, మళ్ళీ నింపుతూ కూర్చున్నాడు, ఎప్పటికి చస్తాయో చూద్దామని. 700 టెరాబైట్లు రాసిన తరవాత మొదటిది పోయింది. చిట్టచివరిది 2015 దాకా లాగి 2.4 పెటాబైట్ల దగ్గర కన్నుమూసింది. మన ఇళ్ళలో ఏడాదంతా రాసేది అందులో చెంచాడు కూడా కాదు. ఈ రకం డిస్కులు త్వరగా అరిగిపోతాయని జనంలో ఉన్న భయం దాంతో చాలావరకు పోయింది. అయితే మొదట పోయిన ఆ డిస్కు సంగతి చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఆయువు తీరాక అది రాయనివ్వదు, చదవనిస్తుంది. కాని ఒకసారి మిషను ఆపి మళ్ళీ పెడితే ఇక పలకదు. దాన్ని తయారుచెయ్యటమే అలా చేశారు. నా డిస్కు ఎందుకు పోయిందో నాకు తెలీదు గాని, ఆ ముందురోజు రాత్రి నేనూ మిషను ఆపి పడుకున్నాను.

పాతరకం తిరిగే డిస్కుల గొడవ ఒకటి చెప్పి ముగిస్తాను. మన పెంకుటిళ్ళు గుర్తున్నాయా? ఒక పెంకు అంచు మీదకి ఇంకో పెంకు ఎక్కి ఉంటుంది. అలా పేరిస్తే తక్కువ చోటులో ఎక్కువ పెంకులు పడతాయి. కాని మధ్యలో ఒకటి పగిలి మార్చాలంటే దాని మీదకెక్కిన వరసంతా కదపాలి. హార్డ్ డిస్కుల మీద గీతలు కూడా ఇలాగే ఒకదాని మీదొకటి ఎక్కేలా రాసే పద్ధతి ఉంది. దాని ఇంగ్లీషు పేరుకి అర్థం కూడా పెంకులే. చవకగా ఎక్కువ సరుకు పడుతుంది, తిరగరాయటం మాత్రం నత్తనడక. 2020 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని 'బ్లాక్స్ అండ్ ఫైల్స్' పత్రికలో క్రిస్ మెల్లర్ అనే విలేఖరి, వెస్టర్న్ డిజిటల్ కంపెనీ తన రెడ్ రకం డిస్కులు కొన్నిట్లో చెప్పకుండా ఈ పెంకుల పద్ధతి పెట్టిందని రాశాడు. నాలుగైదు డిస్కులు కలిపి, ఒకటి పోయినా సమాచారం పోకుండా దాచుకునేవాళ్ళు కొనే రకం అది. తరవాత మరో పత్రికవాళ్ళు, పోయిన డిస్కు చోట ఇది పెట్టి సమాచారం మళ్ళీ నింపబోతే తొమ్మిది రోజుల పైన పట్టింది. మామూలు డిస్కులకి ఒక్కరోజు కూడా పట్టలేదు. కంపెనీ ఏ డిస్కులో ఏ పద్ధతి ఉందో జాబితా ప్రకటించి, పెంకులు లేనివాటికి వేరే పేరు పెట్టింది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఈ విలేఖరులు మడికట్టుకు కూర్చున్నవాళ్ళేమీ కాదు. పరీక్షకి వస్తువులు పంపేది ఆ కంపెనీలే, ప్రకటనలిచ్చి పొయ్యి వెలిగించేదీ తరచు ఆ కంపెనీలే. పత్రికల్లో రాసే మాకు ఆ ఇరకాటం కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంకో చిత్రం. గట్టిగా తట్టి చూసినవాళ్ళని ఆ కుమ్మరులే వచ్చి పిల్చుకుపోయారు. ఆనంద్ 2014 ఆగస్టు 30న తన పత్రికకి సెలవు చెప్పి యాపిల్ కంపెనీకి వెళ్ళాడు. ఏ కంపెనీ కార్డు కుంటుతోందని వాసన్ రుజువు చేశాడో ఆ ఎ.ఎం.డి.యే 2015 చివర ఆయన్ని తీసుకుంది. బెన్నెట్ 2019లో తన పత్రిక ఆపి ఇంటెల్‌లో చేరాడు, చిప్పు వెనక్కి తీసుకున్న ఆ ఇంటెల్‌లోనే. నేను తప్పుపట్టటం లేదు. వాళ్ళు వెళ్ళి కుండలు బాగుచేసి ఉంటారు. సంతలో నిలబడి తట్టి చూసేవాళ్ళు మాత్రం తగ్గారు.

ఆనంద్ వెళ్ళాక కూడా ఆనంద్‌టెక్ మరో పదేళ్ళు నడిచింది. 2024 ఆగస్టు 30న, ఆయన సెలవు చెప్పిన తేదీ నాడే, ఇక కొత్తగా ఏమీ రాయబోమని ప్రకటించారు. మొత్తం 27 ఏళ్ళు.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు ఫోను చేసి ఆ కబురు చెప్పాడు. పరామర్శకి వెళ్ళినట్టు ఏం మాట్లాడాలో తోచలేదు నాకు. చివరికి, ఇరవై మూడేళ్ళుగా అననిది, "ఆ నోటుబుక్కు నేను చెప్పబట్టే పోయిందిరా" అన్నాను.

"నాకు తెలుసక్కా" అన్నాడు. "పోతే పోయిందిలే. అందులో రాసుకున్నవన్నీ సగట్లే."

మాట మార్చటానికి, నా రాతలన్నీ ఇంకో ప్రతి దాచుకోవటానికి ఓ డిస్కు కొనాలనుకుంటున్నాను, ఏది కొనమంటావని అడిగాను. "రెండు రోజులాగు. ఎవరైనా సరిగ్గా పరీక్ష చేశారేమో వెతికి చెప్తాను" అన్నాడు.

రెండు రోజులు కాదు, తొమ్మిదో రోజు చేశాడు. పేరు చెప్పాడు, ఒక అంకె చెప్పాడు. ఎంత వేగమన్నది కాదు, మరీ ఆగితే ఎంతసేపు ఆగుతుందన్నది. కేలండరు వెనక రాసుకుని, ఎర్ర పెన్ను వెతికి కింద గీత గీశాను.